త్రినాథరావు గారు అడిగిన పేరు

త్రినాథరావు గారిని నేను తిట్టుకున్నన్ని తిట్లు కరెంటు వాళ్లను కూడా తిట్టుకుని ఉండను. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపోకు ఎదురు సందులో, చెప్పుల దుకాణం మీద మొదటి అంతస్తులో నాది డీటీపీ సెంటరు. బోర్డు మీద యాదలక్ష్మి గ్రాఫిక్స్ అని పెద్దగా ఉంటుంది గానీ లోపల రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నేను. పెళ్లి పత్రికలు, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు, ఎవరైనా సొంత డబ్బుతో వేసుకునే పుస్తకాలు, ఏది వస్తే అది చేసేదాన్ని. టైపు నాది, ప్రూఫు ఆయనది. అంటే నేను కొట్టినదాంట్లో తప్పులు వెతకడమే ఆయన పని. అలాంటి మనిషి మీద ప్రేమ కలగాలంటే టైం పట్టదా మరి?

ఆయనది పాలకొల్లు వైపు. ఒక పత్రికలో ప్రూఫ్ రీడరుగా చేసి రిటైరై, వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక నా దగ్గరికి వచ్చేవారు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్ర పెన్ను, సంచిలో ఆయన భార్య సూర్యప్రభ గారు కట్టిచ్చిన పెరుగన్నం. వస్తూనే కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని, "ఏమ్మా యాదలక్ష్మీ, ఇవాళ ఏం తప్పులు చేశావు?" అని అడిగేవారు. పొద్దున్నే అడిగే మాటేనా అది!

అక్షరాల తప్పులతో ఆగితే నేనూ ఊరుకునేదాన్ని. ప్రూఫులో ఫోన్ నంబరు కనబడితే డయల్ చేసి చూసేవారు. ఒకసారి కోచింగ్ సెంటరు కరపత్రంలో నంబరుకు కొడితే సరూర్‌నగర్‌లో పాలబూత్ ఆయన ఎత్తాడు. ఆ కరపత్రం అట్లాగే బయటికి పోయుంటే పాపం ఆ పాలాయన ఎంసెట్ గురించి జవాబులు చెప్పుకుంటూ కూర్చునేవాడు. ఇంకోసారి ఒక ప్లాట్ల వ్యాపారి తన బ్రోచర్‌లో 'ఎల్బీనగర్ నుంచి పది నిమిషాలే' అని రాసుకొచ్చాడు. స్థలమేమో చౌటుప్పల్ దాటాక ఎక్కడో ఉంది. సారు ఆ వాక్యం పక్కన ఎర్రగా 'దేని మీద?' అని రాసిపెట్టారు. ఆ వ్యాపారి నా మీదికి లేచాడు.

"తప్పులు చూడమన్న గని క్వశ్చన్లు అడగమన్ననా?"

సారు తొణకలేదు. "నేను అడక్కపోతే రేపు కొనేవాడు అడుగుతాడండీ. నన్నయితే మీరు తిట్టొచ్చు. వాణ్ణి తిట్టలేరు కదా" అన్నారు. వ్యాపారి కాసేపు గుర్రుగా చూసి, తర్వాత నవ్వేసి, ఆ వాక్యం మార్చుకుని పోయాడు.

అవి ఉద్యమం రోజులు. సకల జనుల సమ్మె అయిపోయి కొన్ని నెలలయింది గానీ వేడి తగ్గలేదు. ఎప్పుడు బంద్ పిలుస్తారో తెలియదు, షట్టరు సగం దించుకునే పని చేసేవాళ్లం. నేను నల్గొండ పిల్లను, జై తెలంగాణ అన్నదాన్నే. దీక్షా శిబిరాల వాళ్లు కరపత్రాలు నా దగ్గరే కొట్టించుకునేవాళ్లు. వాళ్లలో ఒకరిద్దరు కిటికీ వైపు చూసి గొంతు తగ్గించి, "యాదక్కా, మన మాటలు ఆంధ్ర సారు దిద్దుడేంది?" అనడం మొదలుపెట్టారు. తగ్గించినా వినబడే గొంతులే అవి.

ఆయన విన్నారు. ఆ సాయంత్రం సంచి సర్దుకుంటూ, "నా వల్ల నీకు ఇబ్బందయితే చెప్పమ్మా. మానేస్తాను" అన్నారు.

నాకు కోపం నషాళానికి అంటింది. "మానేస్తే నా తప్పులు ఎవరు చూస్తరు సార్? రేపు జల్ది రాండ్రి, శానా పనున్నది" అని కసిరాను.

వచ్చారు. కానీ గిరాకీ ఎవరైనా ఉంటే నోరు విప్పడం మానేశారు. ఆ కుర్చీ ఆయనకు ఎంత కావాలో నాకు తెలుసు. ఆదివారాలు ఎట్లా గడపాలో తెలియక ఇంట్లో గొణుక్కుంటారని సూర్యప్రభ గారు నాకు ఫోన్‌లో చెప్పేవారు. ఇంకొక్కరు మొహం మీద గట్టిగా అంటే చాలు, ఇక రారని అర్థమయింది.

సరిగ్గా అప్పుడే దశరథన్న తన పుస్తకం పట్టుకుని వచ్చాడు. కర్మన్‌ఘాట్‌లో ఉంటాడు, మా నల్గొండ దిక్కు మనిషే. ఆర్టీసీలో కండక్టరుగా చేసి అప్పుడే రిటైరయ్యాడు. సమ్మెలో ఎల్బీనగర్ శిబిరాన్ని నడిపించినవాళ్లలో ఒకడు, ఆయన మాటంటే అక్కడ అందరికీ గురి. తన నౌకరీ గురించి, సమ్మె గురించి పుస్తకం రాశాడు. సారు పని దశరథన్నకు నచ్చిందా, ఆ గొంతులన్నీ మూతపడతాయి. నచ్చలేదా, సారు ఇంటికే. అందుకని ఆ రాతప్రతి చేతికిస్తూ, "సార్, మీకు దండం పెడత, దీంట్ల మాత్రం క్వశ్చన్లు వద్దు" అని ముందే బతిమాలాను. ఆయన తలూపారు. ఆ తలూపుడును నేను నమ్మడమేమిటి, నా తెలివి కాకపోతే!

మొదటి ప్రూఫు చూడటానికి వచ్చిన రోజు దశరథన్న అనుమానంగానే కాగితాలు తిరగేశాడు. తన మాటలు ఎక్కడ మార్చేశారో అని ఆయన వెతుకులాట. ఒక్కటీ మార్చలేదు. "ఇవి మీ మాటలండీ. ఇలాగే ఉండాలి. చదువుతుంటే నేను మీ బస్సులో కూర్చున్నట్టే ఉంది" అన్నారు సారు. దశరథన్న మొహం వెలిగిపోయింది. నేను గండం గడిచిందనుకుని చాయ్ తెప్పిస్తున్నాను. ఇంతలో దశరథన్న వేలు ఒక ఎర్ర గీత దగ్గర ఆగిపోయింది.

'మా ఇంటామె సద్ది కట్టిచ్చింది' అని ఉన్నచోట, పక్కన 'ఈవిడ పేరేమిటి?' సమ్మె అధ్యాయంలో 'గా దినాలు ఎట్లనో గడిచినయి' అని ఉన్నచోట 'ఎలా?'

మా దిక్కు పాతకాలం ఇళ్లలో మొగుడి పేరు పెళ్లాం, పెళ్లాం పేరు మొగుడు నోటితో పలకరు. 'ఓ', 'ఇగో', 'ఇంటున్నవా', వీటితోనే కాపురమంతా వెళ్లిపోతుంది. దశరథన్నకు అది అలవాటు కూడా కాదు, మర్యాద.

"ఇంటి ఆడమనిషి పేరు పుస్తకంల ఎందుకు సార్? మా దిక్కు గట్ల పలుకం" అన్నాడు.

"పలకొద్దండీ, అచ్చు వేయండి. ఇందులో మీ డిపో మేనేజర్లందరి పేర్లూ ఉన్నాయి. టికెట్ లేకుండా మేకను ఎక్కించినాయన పేరుంది. ఆ మేక పేరు కూడా ఉంది. ఈవిడేమో మొదటి పేజీ నుంచీ సద్ది కడుతూనే ఉంది. చదివేవాడు అడుగుతాడండీ, ఎవరీవిడ అని."

"అడగరు. మావోళ్లు అడగరు." దశరథన్న గొంతు లేచింది. "గిది తప్పు గాదు, మా రివాజు. యాడికెల్లో ఒచ్చి మా ఇండ్లల్ల ఆడోళ్ల పేర్లు అడుగుతరా?"

అనేశాడు. సారు పెన్ను మూత పెట్టి, "పుస్తకం మీదండీ. వద్దంటే కొట్టేస్తాను. కానీ నాకు అడగాలనిపించింది, అడిగాను" అన్నారు. దశరథన్న కాగితాలు చంకలో పెట్టుకుని దడదడా మెట్లు దిగిపోయాడు.

నేను ఆగలేకపోయాను. "ఒక్క ప్రశ్న మింగితే మీ సొమ్మేం పోయేది సార్?"

"అది మింగేవాణ్ణయితే నీకు నేనెందుకమ్మా?" అన్నారాయన. ఆ రోజు పెరుగన్నం తినకుండానే వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాకు ఆయన మీద కోపం, దశరథన్న మీద కోపం, ఖాళీ కుర్చీ చూస్తే ఏడుపు. ఆ వారం నేను కొట్టిన ఒక పెళ్లి పత్రికలో ముహూర్తం తేదీ ఒకటి, వారం ఇంకొకటి. పెళ్లివారు వచ్చి నన్ను కడిగిపారేశారు. అనుభవించాను.

తర్వాత ఒక పొద్దున, షాపు తెరుస్తుండగానే మెట్ల మీద గాజుల చప్పుడయింది. ముదురాకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె ముందు వస్తోంది, వెనకాల కాగితాల కట్టతో దశరథన్న.

"నా పేరడిగిన సారు ఎవరమ్మా?" అంది ఆమె.

కథేమిటంటే, మా సారుకు ఒక పద్ధతుంది. ఆఖరి ప్రూఫు రాసినవాళ్లే గట్టిగా చదవాలి, తను కళ్లు మూసుకుని వింటారు. చదివేవాడి నాలుక ఎక్కడ తడబడితే అక్కడ ఏదో దోషం ఉందని ఆయన లెక్క. ఆ సంగతి నేను దశరథన్నకు ముందే చెప్పి ఉన్నాను. ఇంకో షాపుకు ఇవ్వబోయే ముందు తనే ఒకసారి చదువుకుందామని ఇంట్లో గట్టిగా చదివాడట. వంటింట్లోంచి ఈమె వింది. మధ్యలో ఎర్ర రాతలు కనబడి, "ఆ సారుకు బుద్ధిలేదు, నీ పేరు కావాల్నట" అని ఆయనే విసుక్కుంటూ చెప్పాడట. అంతే, తెల్లారి చీర మార్చుకుని బయల్దేరింది.

వెంటనే వనస్థలిపురానికి ఫోన్ కొట్టాను. సూర్యప్రభ గారు ఎత్తారు. "ఆయన రానంటున్నారమ్మా."

"రాకుంటే మేమే అందరం మీ ఇంటికొస్తం, ఉప్మా చెయ్యిండ్రి అని చెప్పండమ్మా" అన్నాను.

సారు ఆటోలో వచ్చారు. చొక్కాకు ఇస్త్రీ లేదు. దశరథన్న ఇంటామె లేచి నిలబడి దండం పెట్టింది.

"నేనే సారు, కౌసల్యను. అత్తగారింటికి ఒచ్చినంక గీ పేరు ఎవ్వరడుగలే. ఫస్టు కోడలిపిల్ల అన్నరు, తర్వాత కండక్టరు పెండ్లాం అన్నరు. నా పేరు రేషన్ కార్డుల చూసుకునుడే." చీర కొంగు సర్దుకుని కూర్చుంది. "మీ రెండో దానికి గుడ చెప్త, ఎట్ల గడిచినయో. జీతం బందయింది. నేను చీకటితోని కొత్తపేట పండ్ల మార్కెట్‌కు పోయి, దెబ్బ తగిలిన బత్తాయిలు అగ్గువకు తెచ్చి కర్మన్‌ఘాట్ రోడ్డు మీద అమ్మిన. ఈయన శిబిరంల నినాదాలు, నేను రోడ్డు మీద బత్తాయిలు. ఎవలన్న అడిగితే గుడికి పోయిందని చెప్పెటోడు. నాది సమ్మె కాదా సారు?"

దశరథన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. "నామోషీ అయి రాయలే" అన్నాడు చివరికి. తర్వాత సారు దగ్గరికి వచ్చి, "ఆనాడు నోరు జారిన సార్. మనసుల పెట్టుకోకుండ్రి" అన్నాడు. సారు కాగితాలివ్వమని చెయ్యి చాపారు.

ఆ రోజు కౌసల్యక్క చెబుతుంటే నేను నేరుగా టైపు కొట్టాను. మధ్యమధ్య దశరథన్న "ముందు జామకాయలు, తర్వాత బత్తాయిలు" అని సవరించడం, ఆమె "నువ్వు చూసినవా?" అని గదమాయించడం. సారు పెన్ను పట్టుకుని నవ్వుతూనే ఉన్నారు. మరుసటి వారం శిబిరం నుంచి ఒకతను కరపత్రం పట్టుకొచ్చి, "యాదక్కా, దశరథన్న పంపిండు. గా సారే చూడాల్నట" అన్నాడు. నేను వినబడనట్టు రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఆఖరి ప్రూఫు రోజు ముగ్గురూ కూర్చున్నారు. సారు కళ్లు మూసుకున్నారు. దశరథన్న బస్సులో కేకేసినట్టే గడగడా చదువుకుంటూ వచ్చి, ఒకచోట ఆగాడు. దగ్గాడు. నీళ్లు తాగాడు. "సార్, గీ ఒక్క ముక్క జర మీరు సదువుండ్రి" అన్నాడు.

"నేను చదవకూడదండీ" అన్నారు సారు, కళ్లు తెరవకుండానే.

దశరథన్న నా వైపు చూశాడు. నేను కంప్యూటరు వైపు చూశాను. ఇంక దారి లేక కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని, "మా ఇంటామె పేరు... కౌసల్య" అని చదివాడు.

కౌసల్యక్క తల దించుకుని కొంగు అంచు చేతికి చుట్టుకుంటోంది. "ఇంకోపాలి సదువు, సరిగ ఇనబడలే" అంది.