డబ్బాలో తెల్లగోళీలు

పటాన్‌చెరులో నేను పనిచేసిన మందుల ఫ్యాక్టరీలో అంచు విరిగిన జ్వరం గోళీలను పక్కన పడేసేవాళ్లం. వాటిని గుప్పెడు గుప్పెడు జేబులో వేసుకుని ఇంటికి తేవడం మా అందరికీ అలవాటు. గేటు దగ్గర దొరికితే ఉద్యోగం ఊడుతుంది. అయినా తెచ్చేవాళ్లం. మా బస్తీలో వాటి డబ్బా లేని ఇల్లు లేదు. తలనొప్పికి రెండు, ఒళ్లునొప్పులకు రెండు. వాటిని మందులని ఎవరనుకున్నారు గనక!

అన్నకు రక్త కేన్సర్ వచ్చింది. ఒంట్లోని రక్షణ శక్తిని జబ్బు మీదికి ఉసిగొల్పే ఇంజెక్షన్లు రాశారు, వారానికి మూడు. అప్పట్లో అన్నకు మిగిలిన దారి అదొక్కటే. సూది పడిన ప్రతిసారీ చలిజ్వరంతో వణికిపోయేవాడు. డాక్టరు రాసిన జ్వరం గోళీలు రోజుకు మూడే వేయాలి. అవి వేసినా వణుకు తగ్గకపోతే వదిన మా డబ్బా మూత తీసేది. తెచ్చింది నేనే, వేయమన్నదీ నేనే.

రెండు నెలలకు అన్న కళ్లు పచ్చబడ్డాయి. కాలేయం దెబ్బతింటోందని పరీక్షలో తేలింది.

"కల్లు తాగుతాడా? నాటుమందు, వేరే గోళీలు ఏమైనా వాడుతున్నారా?" అని డాక్టరు అడిగారు.

వదిన నావైపు చూసింది. ఆ ఆసుపత్రికి మా మేనేజర్లు కూడా వస్తుంటారు. మాట గేటు దాకా పోతుందని భయపడ్డాను.

"ఏం లేవు సార్" అన్నాను.

రెండు వారాలు సూది ఆపారు. జ్వరం లేదు, గోళీలూ లేవు. కళ్లు తేటపడ్డాయి. మళ్లీ మొదలుపెట్టగానే మళ్లీ వణుకు. చూడలేక నేనే డబ్బా తెచ్చాను. నెల తిరిగేసరికి అన్న కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి.

"ఈ సూది ఈయనకు పడటం లేదు. ఇక మానేద్దాం" అంటూ డాక్టరు కలం తీశారు.

"సార్, జెర ఆగుండ్రి. జ్వరమొస్తే కంపెనీ గోళీలు గూడ ఏస్తున్నం. నేనే తెచ్చిన."

"ఎన్ని?"

"లెక్కలేదు సార్."

"నేను రాసిన గోళీలూ, అవీ ఒకే మందయ్యా! అసలే సూది కాలేయాన్ని ఇబ్బంది పెడుతుంది, దానిమీద ఇన్నా?" అని బల్ల చరిచారు. ఆ గోళీలు పూర్తిగా మానేసి రెండు వారాలకు రమ్మన్నారు. పరీక్ష చూశాకే సూది సంగతి తేలుస్తానన్నారు.

బయటికి వచ్చాక అన్న మొహం చూడలేకపోయాను. నామీద నాకే అసహ్యం వేసింది.

"మాఫ్ జెయ్యే అన్నా."

అన్న నా భుజం పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. "పోయినసారే ఆ గోళీల మీద నాకు అనుమానమొచ్చింది తమ్మీ. చెప్తే నీ నౌకరి పోతదని ఊకున్న" అన్నాడు.