బావిలో డీజిల్

నిన్న నందిగామ బంకులో కారుకి డీజిల్ కొట్టిస్తుంటే, ఆ వాసనకి గరికపాడులోని మా బావి గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా పెరటి గోడ అవతల లారీ షెడ్డు ఉండేది. అక్కడి మెకానిక్ పాత ఆయిలూ, సామాన్లు కడిగిన డీజిలూ గుంటలో పారబోసేవాడు. ఒకరోజు మా బావి నీళ్లు డీజిల్ వాసన కొట్టాయి. గేదె మూతి పెట్టి వెనక్కి తీసుకుంది. నేను మాత్రం గంతులేశాను.

“అమ్మా, మన బావిలో డీజిల్ పడింది! ఇక లారీలన్నీ మనింటికే వస్తాయి!”

అమ్మ నవ్వలేదు. దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. “ఎన్నాళ్ల నుంచి తాగిస్తున్నానో నీకు” అని, నేరుగా షెడ్డుకి వెళ్లింది.

“ఆయిలు భూమిలోకే పోద్ది గదా చెల్లెమ్మా, బావిలోకెందుకొస్తుంది?” అన్నాడు మెకానిక్.

“మీరు తాగేదీ మా బావి నీళ్లే కదా అన్నయ్యా!”

ఆయన మర్నాటి నుంచి క్యాను పట్టుకుని, మాతోపాటే రోడ్డవతలి చర్చి బోరుకి వచ్చేవాడు. గుంటలో పొయ్యడం మాత్రం మానలేదు, వేరే చోటు లేదట.

మా బావి మళ్లీ బాగుపడలేదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే, ఎండలో అమ్మ చేతిలోని బిందె ఆయనే అందుకుని మా గుమ్మం దాకా మోసుకొచ్చిన రోజులు గుర్తొస్తాయి.