నలభై రబ్బరు వాషర్లు

మా చిన్నత్త శిల్పి. అంతకుముందు ముప్పై ఏళ్ళు బస్సు బాడీలు కట్టే షెడ్డులో రేకు పని చేసింది. ఆ పని నేర్పింది మా నాన్నే. బస్సు ఎంత కుదిపినా ఏ రేకూ మోగకూడదు. ఒక్కటి మోగినా మేస్త్రీ అందరి ముందూ కడిగేసేవాడు. సుత్తి దెబ్బలకు నాన్న చెవులు రెండూ పోయాయి. షెడ్డువాళ్ళు ఒక గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపారు. అది గంటలు కొడుతుందని ఆయనకు మేమే చెప్పాలి.

తన అన్నయ్యకు మళ్ళీ ఒక్కసారైనా మోత తెలియాలని అత్త రెండేళ్ళు కూర్చుని రేకు మంచం చేసింది. పడుకున్న మనిషి కదిలితే కమ్మీలు కదిలి చుట్టూ ఉన్న రేకులు మోగుతాయి. ఆ అదురు తిరిగి ఎముకల్లోకి వస్తుంది. చెవులతో పని లేదు. ఇంట్లో వదులుగా నిలబెట్టి చూసినప్పుడు గోడలు అదిరాయి.

ప్రదర్శన రోజు పొద్దున హాల్లో దాన్ని గబగబా బిగించింది. తలుపులు తెరిచారు. మొదట పడుకున్నావిడ అటూ ఇటూ దొర్లింది. ఏమీ మోగలేదు.

"అద్భుతమండీ! మౌనాన్ని పట్టేశారు," అంది లేస్తూ. వెనకవాళ్ళు తలలూపారు. ఒకాయన నోటుబుక్కులో రాసుకున్నాడు.

మధ్యాహ్నం నాన్న వచ్చాడు. చెప్పులు విప్పి పడుకున్నాడు, ఒత్తిగిల్లాడు. వెంటనే లేచి మంచం కిందకు చెయ్యి పోనిచ్చాడు.

"ఏమే, ప్రతి బోల్టుకీ రబ్బరు వేశావా?" హాలంతా వినపడేలా అరిచాడు.

అత్త వంగి చూసింది. నలభై బోల్టులు, నలభై నల్లటి వాషర్లు. బస్సు రేకు మోగకుండా వేసేవి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"నువ్వు నేర్పిందే కదన్నయ్యా," అంది, పెదవులు ఆయనకు కనిపించేలా.

"నేర్పితే మాత్రం? బుర్రకు కూడా వేసుకున్నావా రబ్బరు!"

ఎవరో నవ్వారు. నోటుబుక్కాయన రాసింది కొట్టేశాడు.

ఇద్దరూ చెరో స్పానరు పట్టుకుని, చెరో వైపు కూర్చుని, షెడ్డులోలాగే ఒక్కో బోల్టూ విప్పి, రబ్బరు తీసి, మళ్ళీ వదులుగా బిగించారు. జనం పల్చబడ్డారు. అయ్యాక నాన్న మళ్ళీ పడుకుని కదిలాడు. హాలు దద్దరిల్లింది. కాపలాదారు చెవులు మూసుకున్నాడు.

అత్త ఆయన ముఖంలోకే చూస్తోంది.

నాన్న రెండు చేతులూ కమ్మీల మీద ఆనించాడు. "ఇంత మోగితే మేస్త్రీ చంపేస్తాడే," అన్నాడు. చెయ్యి చాచి, దగ్గరున్న రేకును అరచేత్తో ఆపాడు.

రెండోది అత్త ఆపింది.