రంకెల కాలంలో నోలీన్ గిన్నె మూత

నోలీన్ హరెల్ గురించి ఒక మంచి మాట చెప్పమంటే మా ఊరి వేటగాళ్లలో ఎవడూ నోరు విప్పడు. చెడ్డ మాట చెప్పమంటే పోటీలు పడతారు. ఆమె మీద కోపం ఎవరికెక్కువ అని పందెం వేస్తే గెలిచేది నేనే కాబట్టి నేనే చెబుతాను.

మా ఊరు రువాహినె కొండల కింద ఉంది. గొర్రెలు, కంచెలు, వాన తప్ప ఇంకేం లేదు. నేను కంచెలు వేసే పని చేస్తాను. ఏడాదంతా ఎవరి గొర్రెలకో కంచె వేస్తూ, చలి ముదిరే ముందు వచ్చే ఆ కొద్ది వారాల కోసం బతుకుతాను. మగ దుప్పులు ఆడవాటి కోసం కొండలు దద్దరిల్లేలా రంకెలు వేసే కాలమది. మేమూ చాటున కూర్చుని రంకె వేస్తాం. తన చోటులోకి ఇంకో మగాడు జొరబడ్డాడనుకుని దుప్పి ఒళ్లు మండి ఎదురొస్తుంది. నా రంకె పాత వాక్యూమ్ క్లీనర్ గొట్టంలోంచి వస్తుంది. దానికి సాటి మా చుట్టుపక్కల లేదు. "ఇల్లు తుడవమంటే గొట్టం కనపడదు, కొండెక్కేటప్పుడు మాత్రం చంకలో ఉంటుంది," అని నా భార్య మోయానా ఏటా ఒకసారి దులుపుతుంది.

ఇంత పవిత్రమైన కాలంలో, సరిగ్గా మా లోయలోకి, నోలీన్ వచ్చేది. పానకంలో పుడకలాగా.

ఆమె వేటకి రాదు, నడకకి వస్తుంది. మా ఊళ్లో నడక సంఘమని ఒకటుంది. వీపున సంచీ వేసుకుని కొండ ఎక్కడం, పైన ఒక బిస్కెట్ తినడం, మళ్లీ దిగడం, ఇదీ వాళ్ల పని. మిగతావాళ్లు రంకెల కాలంలో బుద్ధిగా సముద్రం వైపు పోతారు. నోలీన్ మాత్రం ఆ కాలం కోసమే కాచుకుని ఉన్నట్టు వచ్చేది. నెత్తిన కంట్లో పొడిచే గులాబీ రంగు ఉన్ని టోపీ. సంచీకి వేలాడుతూ ఒక అల్యూమినియం గిన్నె మూత, చేతిలో గరిటె. మలుపు మలుపుకీ టంగుమని మోగించేది. గిన్నె తెచ్చుకునేది కాదు, మూత ఒక్కటే.

మూడు రోజులు వానలో తడిసి, బురదలో పాకి, ఏటి అవతల దుప్పి జాడ పట్టామనుకోండి. టంగు. అంతే, అది పక్క లోయలో ఉంటుంది. అడవి ఆమె అబ్బ సొత్తా అని మేం మండిపడేవాళ్లం. మీ అబ్బ సొత్తా అని ఆమె తిరగబడేది. నిజానికి అది ఎవరి అబ్బ సొత్తూ కాదు, అదే తంటా.

ఆమె మీద మా ఊరివాళ్లు గట్టిగా అరవలేకపోవడానికి వేరే కారణముంది. ముప్పై ఏళ్లకు పైగా ఆమె బడి బస్సు నడిపింది. ఇప్పుడు తుపాకీ పట్టే చేతులన్నీ ఒకప్పుడు ఆమె బస్సులో సీట్లు చింపినవే. నాకు యాభై దాటాయి, తలమీద వెంట్రుకలు పోయాయి, అయినా ఆమెకు నేను "ఒరే క్లెమ్"నే. ఆమె వెనక ముసలి దెయ్యమని తిట్టిన నోరే, ఆమె ఎదురుపడితే "బాగున్నారా నోలీన్ గారూ" అనేది. అందుకూ ఆమె మీద కోపమే.

ఆమె అన్న లాక్లన్ ఈ లోయలోనే పోయాడు. దుప్పి అనుకుని సొంత స్నేహితుడే కాల్చాడు. నేనప్పుడు పసివాణ్ణి. ఈ సంగతి తెలియనివాడు మా ఊళ్లో లేడు. అయినా, పోయినవాళ్ల కోసం అందరూ గిన్నె మూతలు మోగిస్తూ తిరిగితే లోకంలో ఎవరి చెవులు మిగులుతాయి అనుకునేవాళ్లం. తప్పో ఒప్పో, అలాగే అనుకునేవాళ్లం.

లోయ మధ్యలో ఏరు రెండు పాయలయ్యే చోట ఒక చెక్క విడిది ఉంది. లోపల పడకలు, ఒక ఇనప పొయ్యి. ముందొచ్చినవాడిదే పడక. అందులో వేటగాళ్లు, నడకవాళ్లు పక్కపక్కన పడుకోవాలి, ఒకరి సాక్సుల కంపు ఒకరు భరించాలి. నోలీన్ చలికాలమంతా గులాబీ టోపీలు అల్లి తెచ్చి తలుపు పక్క మేకులకు తగిలించేది, ఎవరికి కావాలంటే వాళ్లు పెట్టుకోవచ్చని. మేం వాటితో పెనం తుడిచేవాళ్లం. మరుసటి ఏడు ఇంకా ఎక్కువ అల్లి తెచ్చేది.

సంగతి జరిగిన ఏడాది నేను, నా బావమరిది తామతి విడిదికి చేరేసరికే ఆమె పొయ్యి ముందు కాళ్లు చాపుకుని ఉంది. తామతి మోయానా తమ్ముడు. మంచివాడే, కానీ దుప్పి విషయంలో నాలాగే పచ్చి స్వార్థపరుడు. గుమ్మంలోనే వాడి మొహం మాడిపోయింది.

"ఈ ఏడు మోకాళ్లు నొప్పులని విన్నామే," అన్నాడు.

"మోకాళ్లు నొప్పే నాయనా. చేతులు బాగానే ఉన్నాయి," అని గరిటె చూపించింది.

వాడు మేకుకున్న టోపీ తీసి సాసేజీలు వేగుతున్న పెనం పట్టుకున్నాడు. ఆమె చూసింది.

"అది ఉన్నిరా. చెయ్యి కాలదు, ఫరవాలేదు. నెత్తిన పెట్టుకుంటే తల కూడా మిగుల్తుంది."

"గులాబీ టోపీ పెట్టుకుని దుప్పి ఎదుటికి పోతే అది నవ్వి చస్తుంది. తూటా ఖర్చుండదు," అన్నాను నేను.

"దుప్పికి ఆ రంగు తెలీదు, తామతికి తెలుస్తుంది. నీ భయం దుప్పి గురించి, నా భయం తామతి గురించి."

తామతికి రోషం వచ్చింది. "నేను చూడకుండా కాల్చే రకం కాదు. మనిషికీ దుప్పికీ తేడా తెలీదా నాకు?"

"లాక్లన్ స్నేహితుడూ అదే అన్నాడు. తర్వాత," అంది నోలీన్.

ఆ మాటతో సాసేజీలు చేదయ్యాయి. ఆమెకున్న చెడ్డ గుణం అదే. మన ముద్ద నోట్లో ఉండగా చచ్చినవాణ్ణి తెచ్చి పక్కన కూర్చోబెడుతుంది.

టీ అయ్యాక ఆమె మామూలు ప్రశ్న వేసింది. "రేపెవరు ఎటు?"

విడిదిలో అది రివాజు. పడుకునే ముందు ఎవరు ఏ వైపు పోయేదీ చెప్పుకోవాలి, ఒకరి తూటాకి ఒకరు అడ్డం పడకుండా. రివాజు మంచిదే. కానీ రంకెల కాలంలో వేటగాడు నిజం చెప్పడు. మంచి దుప్పి ఉన్న చోటు చెబితే తెల్లారేసరికి ఇంకొకడు అక్కడ కూర్చుని ఉంటాడు. అందుకని కుడికి పోయేవాడు ఎడమ అంటాడు, ఎడమకి పోయేవాడు కుడి అంటాడు. వినేవాళ్లూ దాన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. మా తాతల నాటి నుంచీ ఇదే లెక్క, ఇందులో మోసమేమీ లేదు.

"నేను కుడి పాయ," అన్నాడు తామతి.

నేను కూడా కుడి అనబోయాను. కానీ నోలీన్ పొయ్యి మీదుగా నా మొహంలోకి చూస్తోంది. బస్సు అద్దంలోంచి వెనక సీటు వైపు చూసే చూపు అది. ఆ చూపు కింద ఏనాడూ నాకు అబద్ధం పెగల్లేదు.

"ఎడమ పాయ," అన్నాను. అది నిజం. అన్నందుకు నన్ను నేనే తిట్టుకుని పడుకున్నాను.

తెల్లారి లోయంతా మంచు. ఎడమ పాయ వెంట పైకి పోయి మానుకా పొదల్లో కూర్చున్నాను. ఒంటిమీద నాన్న నాటి గోధుమరంగు ఉన్ని చొక్కా, నెత్తి బోడి. గొట్టం నోటికి పెట్టి రంకె వేశాను. కొండ తిరిగి పలికింది. కాసేపటికి, ఏటి అవతల నుంచి జవాబు వచ్చింది.

అబ్బ, ఏం రంకె అది! బొంగురుగా, కోపంగా, చివర్న ఒక దగ్గుతో. ఇంత ముసలి దుప్పి ఈ లోయలో ఉందని నాకు తెలియదు. మళ్లీ వేశాను. అది ఇంకాస్త దగ్గరికొచ్చి పలికింది. తుపాకీ సిద్ధం చేసుకుని, వంగి, పొద అంచు దాకా జరిగాను. ఏటి అవతలి గట్టున కొమ్మలు కదిలాయి. జన్మలో ఒక్కసారి వచ్చే గడియ ఇదేననుకుని ఊపిరి బిగబట్టాను.

టంగు!

పైన కాలిబాట మీంచి. టంగు, టంగు, టంగు. ఆగకుండా.

నాకు ఒళ్లు తెలియలేదు. ఏళ్ల తరబడి మింగిన తిట్లన్నీ ఒక్కసారిగా వచ్చాయి. పొదలోంచి నిటారుగా లేచి, కొండ వైపు తిరిగి, గొంతు చిరిగేలా అరిచాను. "ఓసి నోలీన్! నీ మూత మండ! నువ్వూ నీ గరిటే కలిసి ఏట్లో పడ! వచ్చిన దుప్పిని తోలేశావు గదే ముసలి దెయ్యమా!"

మూత ఆగింది. లోయ నిశ్శబ్దమైంది. అప్పుడు ఏటి అవతల నుంచి, రాయి విసిరితే తగిలేంత దూరం నుంచి, దుప్పి మాట్లాడింది.

"బావా? నువ్వా?"

కొమ్మలు పక్కకి జరిగి తామతి కనిపించాడు. వాడి తుపాకీ ఇంకా భుజానికి ఆనించే ఉంది. మొహంలో నెత్తురు లేదు.

"కుడి పాయ అన్నావు కదరా!" అని అరిచాను.

"నువ్వు ఎడమ పాయ అన్నావుగా!"

"అందుకే ఎడమ పాయలో ఉన్నాను!"

"నువ్వు నిజం చెప్తావని నేనెట్లా అనుకుంటా బావా? ఏ ఏడు చెప్పావు గనక?" వాడు ఏడుస్తున్నాడో అరుస్తున్నాడో తెలియడం లేదు. "తుపాకీ దుర్బిణిలో చూశా. గోధుమ రంగు కదిలింది. వేలు నొక్కబోతున్నా. అప్పుడే ఆ దుప్పి లేచి నోలీన్ గారిని పేరెత్తి తిట్టింది. దుప్పి తిట్టదు కదా అని ఆగిపోయా."

అని అక్కడే గట్టు మీద కూలబడి కక్కుకున్నాడు. వాడి రంకె వినే నేను ఇటు తుపాకీ ఎత్తాను. ముందు కదిలింది నేనైనా వాడైనా, మోయానాకి మొగుడో తమ్ముడో లేకుండా పోయేవాడు.

నోలీన్ బాట దిగి గస పెట్టుకుంటూ వచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు. "తూటాలు తియ్యండి. ముందు తూటాలు, తర్వాత ఏడుపు," అంది. తీశాం. బస్సులో జేబుల్లోని గోళీలు లాక్కున్నట్టే అరచేయి చాపి తీసుకుంది.

విడిదికి తిరిగొచ్చాక టీ కాచింది. నాకు ఆమె చేతి టీ తాగడం కూడా అవమానంగానే ఉంది. బతికినందుకు సంతోషపడాల్సిన మనిషిని, ఆమె వల్ల బతికానన్న ఆలోచనకే నా ఒళ్లు మండిపోయింది.

"మేమిద్దరం అక్కడున్నట్టు మీకెట్లా తెలుసు?" అన్నాను.

"తెలీదు. రాత్రి మీ మొహాలు చూస్తే నువ్వు నిజం చెప్పావని, వాడు అబద్ధం చెప్పాడని అనిపించింది. అందుకని ఇటొచ్చా. రెండు రంకెలు వినిపించాయి. ఏది దుప్పో ఏది మనిషో నాకెట్లా తెలుస్తుందిరా? తెలీదు కాబట్టే మోగించా."

"మూతకేం తెలుసు? నన్ను కాపాడింది నా నోరు," అన్నాను. ఓడిపోవడం నాకు చేతకాదు.

ఆమె కప్పు ఒళ్లో పెట్టుకుని పొయ్యి వైపు చూస్తూ కూర్చుంది.

"అవున్రా. లాక్లన్‌కి ఆ నోరు లేదు. నెమ్మదస్తుడు. ఆ రోజు వాడి వెనకే నడుస్తున్నా నేను. చప్పుడు చెయ్యకే నోలీ, దుప్పి దగ్గర్లోనే ఉంది అన్నాడు." కప్పు కింద పెట్టింది. "చెయ్యలేదు."

ఆ రోజు లాక్లన్ వెనక ఆమె ఉన్నట్టు మా ఊళ్లో ఎవరికీ తెలియదు. తామతి లేచి, ముందురోజు పెనం పట్టుకున్న టోపీని బకెట్ నీళ్లలో ముంచి, నూనె మరక పోయేదాకా రుద్దుతూ కూర్చున్నాడు.

దాంతో నోలీన్‌కీ నాకూ పొత్తు కుదిరిందనుకోకండి. మరుసటి ఏడాదే చెట్లకు కొట్టే కాలిబాట గుర్తులు నా చోటు మీదుగా మార్చి కొట్టిందని విడిది దద్దరిల్లేలా పోట్లాడుకున్నాం. ఇప్పటికీ ఆమె గొంతు వింటే నా పళ్లు బిగుసుకుంటాయి.

ఈ ఏడు ఆమె రాలేదు. తుంటి ఎముక మార్చారు, కర్ర లేనిదే వాకిలి దాటలేదు. రంకెల కాలంలో మొదటిసారి లోయ లోయలా ఉంది. ఎన్నేళ్లుగానో మేం కోరుకున్న నిశ్శబ్దం. ఎడమ పాయ వెంట దానిలో నడుస్తుంటే ప్రతి పొదలోంచి ఎవరో నన్ను దుర్బిణిలో చూస్తున్నట్టే ఉంది.

ఒక మలుపు దగ్గర ఇక తట్టుకోలేక నిలబడిపోయాను. నెత్తి మీద గులాబీ టోపీ సర్దుకుని, ఊపిరి నిండా పీల్చి, నోలీన్‌ని పేరు పెట్టి తిట్టాను. ఆమె మూతని తిట్టాను, ఆమె గరిటెని తిట్టాను, ఆమె కొత్త తుంటిని కూడా వదల్లేదు. లోయంతా మోగింది. దూరంగా కుడి పాయ వైపు నుంచి తామతి గొంతు వచ్చింది.

"విన్నా బావా! ఇంకా గట్టిగా తిట్టు!"

దుప్పి ఒక్కటీ దొరకలేదు. సాయంత్రానికి ఇద్దరం ఇంటికొచ్చాం.