అరికాలి మచ్చకు అందరూ పెద్దలే

మట్టెవాడలో మా బట్టల దుకాణానికి ఒక పద్ధతి ఉంది. పెళ్ళి చీరకు ఎనిమిది మంది వస్తారు. అత్తకు జరీ కావాలి, ఆడపడుచుకు రంగు కావాలి, మేనమామకు తొందరగా ఇంటికి పోవడం కావాలి. మేం ఎవరికీ జవాబివ్వం. "కట్టుకునేటోళ్ళు ఎవరమ్మా?" అని అడిగి, ఆ పిల్లను ముందుకు పిలిచి, మడత విప్పి ఆమె భుజం మీదే వేస్తాం. మా నాయన నేర్పిన పద్ధతి ఇది. ముప్ఫై ఏళ్ళుగా రోజుకు పదిసార్లు నేను ఆ ప్రశ్న అడిగాను, అడిగినందుకు మురిసిపోయాను కూడా.

నా భార్య అరికాల్లో నల్ల మచ్చ వచ్చింది. దుకాణంలో పరుపుల మీద అందరం చెప్పులు విడిచే కూర్చుంటాం. ఆడవాళ్ళ వైపు చూసుకునేది ఆమే. అంటే ఆ పాదం పొద్దస్తమానం నా కళ్ళ ముందే ఉంది. పట్టుచీరలో ఒక్క పోగు తప్పినా దూరం నుంచే పట్టేసే మొనగాణ్ణి నేను! ఆ మచ్చను మాత్రం ఆనెకాయ అనుకున్నాను. మందుల షాపు నుంచి ఆనె పట్టీలు తెచ్చి నా చేతులతో నేనే అంటించాను. అది పగిలి రక్తం కారితే, "ఇంట్ల చెప్పులేసుకొని తిరగరాదు?" అని ఆమెనే కసురుకున్నాను. ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ముక్క తీసి పరీక్షిస్తే మెలనోమా అన్నారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. స్కాన్ తీసేసరికి ఊపిరితిత్తుల్లోకి కూడా పాకింది. హన్మకొండలో క్యాన్సర్ డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఇమ్యూనోథెరపీ ఇవ్వాలి, అంటే మన ఒంట్లోని కాపలా కణాల పగ్గాలు వదిలి క్యాన్సర్ మీదికి పంపడం. ఒకటే మందు ఇస్తే ఒళ్ళు తట్టుకుంటుంది, కానీ అరికాలి మెలనోమా దానికి లొంగడం తక్కువ. రెండు మందులు కలిపి ఇస్తే గడ్డలు తగ్గే అవకాశం కొంత పెరుగుతుంది, కానీ పగ్గాలు మరీ వదిలినట్టయి, ఆ కణాలు పేగుల మీద, కాలేయం మీద పడొచ్చు. దేనికీ హామీ లేదు. "వారంలో ఆలోచించుకొని చెప్పండమ్మా," అంది. ఆమె ఆ మాట నా భార్యను చూసి అంది. వెంట వెళ్ళిన మేం మగవాళ్ళం మాత్రం మమ్మల్నే అడిగిందనుకున్నాం.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా అన్న ధోవతులు జతగా తప్ప ఒక్కటి అమ్మని మనిషి. "తమ్మీ, రెండు మందులే పెట్టియ్యి. ఒకదాని కంటే రెండు ఎక్కువ గదా," అన్నాడు. వైద్యశాస్త్రం ఆయనకు అక్కడితో పూర్తయింది. నా బావమరిది ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చాడు. టీవీ రిమోట్‌లో బ్యాటరీ ఎటు వైపు పెట్టాలో తెలియక నన్ను పిలిచే మహానుభావుడు, కణాల మీద గంట ఉపన్యాసం ఇచ్చాడు. "బావా, రెండిస్తే పేగులు ఖరాబైతయట. ఒక్కటే సేఫ్." ఎవరు చెప్పారంటే, "ఎవరో ఏమో గని, మస్తు మంది చూసిండ్రు," అన్నాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే, నా భార్య వంటింట్లో ఒక్క కాలి మీద బరువు మోపి నిలబడి వాళ్ళకు చాయ్ పెట్టింది. చక్కెర ఎక్కువైందని మా అన్న వంక పెట్టాడు కూడా.

వాళ్ళను వెక్కిరిస్తున్నాను గానీ, నేను చేసింది అంతకన్నా నీచం. వాళ్ళు కనీసం నలుగురికీ వినబడేలా అరిచారు. నేను చప్పుడు చేయకుండా దుకాణం నుంచి డాక్టరమ్మకు ఫోన్ చేసి, "ఒక్క మందే ఇద్దాం," అని చెప్పేశాను. ఆమె బాధపడకూడదనే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆమె బాధపడుతుంటే నేను చూడలేను, అదీ అసలు సంగతి. నా పిరికితనానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

మందు ఎక్కించే రోజు డాక్టరమ్మ ఒప్పుదల కాగితం నా భార్య ముందు పెట్టింది. "అమ్మా, మీరు ఒకటే మందు అనుకున్నారని మీ ఆయన చెప్పారు," అంది. నేను, మా అన్న, బావమరిది ఆమె వెనక వరుసగా నిలబడ్డాం, పెళ్ళి చీరకు వచ్చిన చుట్టాల్లాగే. ఆమె కాగితం ఆసాంతం చదివి, తల తిప్పి నన్ను చూసింది.

"కట్టుకునేటోళ్ళు ఎవరని రోజూ ఊరందర్ని అడుగుతరు గదా. నన్ను ఒక్కసారన్న అడిగిండ్రా?"

"అక్కా, వీడియోల..." అని బావమరిది అందుకోబోయాడు. "నువ్వు జర బయట కూసో," అంది. మా అన్నకు చెప్పించుకునే అవసరం రాలేదు, ఆయనే తలుపు వైపు నడిచాడు.

అప్పుడు ఆమె డాక్టరమ్మను అడిగింది. "రెండిస్తే విరేచనాలు పట్టుకుంటే ఎప్పుడు ఫోన్ చెయ్యాలె? కాలేయం ఖరాబైతాందని ఎట్ల తెలుస్తది? ఏమన్నయితే మందు ఆపుతరా?" వారమంతా అరిచిన మాలో ఒక్కడూ అడగని ప్రశ్నలవి. డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. మామూలు కంటే ఎక్కువసార్లు వెళ్తే అదే రోజు చెప్పాలి, సొంత మందులు వాడొద్దు, రక్త పరీక్షలు ఒక్కటీ తప్పించొద్దు అంది. వెంటనే చెబితే స్టెరాయిడ్లతో చాలావరకు అదుపు చేయొచ్చని, అయినా ఒక్కోసారి ప్రాణం మీదికి రావచ్చని దాచకుండా చెప్పింది.

"రెండూ ఇయ్యండి," అంది నా భార్య. "భయమైతాంది. అయినా ఇయ్యండి. నాకింకా బతకాలని ఉన్నది."

ఆ ఒక్క మాట ఆమె నోటి నుంచి వినాలని వారం రోజుల్లో మాలో ఎవరికీ తోచలేదు.

రెండో విడత తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. "రేపటిదాంక చూద్దాం," అన్నాను. నాకు బుద్ధి అంత తేలిగ్గా వస్తుందా? ఆమె నా మాట పట్టించుకోకుండా తనే ఫోన్ చేసింది. ఆ రోజే చేర్చుకొని స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. తగ్గింది. తర్వాతి స్కాన్ ఇంకా తీయలేదు, అది ఏం చెబుతుందో ఎవరికీ తెలియదు.

దుకాణానికి మళ్ళీ వస్తోంది. మొన్న పెళ్ళి చీరకని ఒక గుంపు వచ్చి ఎవరికి వారే మాట్లాడుతుంటే, అలవాటు కొద్దీ నోరు తెరిచాను. అడగబోయి ఆమె వైపు చూశాను. పాదం కింద మెత్త పెట్టుకొని కూర్చున్న నా భార్యే, నా వైపు చూడకుండా, "కట్టుకునేటోళ్ళు ఎవరమ్మా?" అని అడిగింది.