ఇబ్రా జపానింట్లో తొట్టి స్నానం

1989 నవంబరు పదహారు, గురువారం, సాయంత్రం నాలుగుంబావు. ఒమాన్ దేశంలోని ఇబ్రాలో టాక్సీ దిగి, జిప్పు చెడిపోయిన సంచిని రెండు చేతులా పొదివి పట్టుకుని ఒక మట్టింటి ముందు నిలబడ్డ సమయమది. ఆ రోజుల్లో మాలాంటి వాళ్ళకు భయపడడానికి తీరిక ఉండేది కాదు. ఒక వీసా అయిపోతుంటే ఇంకో వీసా వెతుక్కోవడం, ఆ రెంటి మధ్యా దొరికిన కాస్త సందులో సంతోషపడడం, అంతే. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మస్కట్ దగ్గర అల్ మవాలేలో రెండేళ్ళుగా నేను వంట చేస్తున్న కుటుంబం దేశం వదిలి వెళ్ళిపోతోంది. నెలాఖరులోగా పనికి కొత్త ఇల్లు దొరక్కపోతే విమానమెక్కి కడప జిల్లాకు పోయి, మా అత్త అజమాయిషీలో చెనక్కాయ చేలో కలుపు తీయాలి. (మా అత్త మంచిదే. ఆ మంచితనం చేలో మాత్రం కనబడేది కాదు.)

ఆ మట్టింటి యజమానురాలు జపాను ఆవిడ. ఆమె భర్త రోడ్ల కంపెనీలో ఇంజనీరు. వాళ్ళమ్మ జపానులో కొండల మధ్య పల్లెలో చిన్న సత్రం నడిపేదట. ఈవిడ ఖర్జూరం తోటలో పాత ఒమానీ ఇల్లొకటి అద్దెకు తీసుకుని, కంపెనీ పెద్దలు వస్తే బస చేయడానికి అచ్చం అమ్మ సత్రంలాగే తయారు చేసింది. నేలంతా గడ్డి చాపలు, పక్కకు జరిగే కాగితం తలుపులు, పగలు మడిచి అలమరలో పెట్టేసే పరుపులు. స్నానాల గదిలో మనిషి గొంతుదాకా మునిగే చెక్క తొట్టి. దాన్ని సూర్ రేవులో ఓడలు కట్టే వడ్రంగులు చేశారు కాబట్టి చుక్క కారదు. ఇంత ఇంటికి ఒక పనిమనిషి కావాలి. ఆ పనికోసమే నేను వచ్చింది. కానీ వాళ్ళమ్మ సత్రంలో ఒక పద్ధతి ఉండేదట, కొత్తగా చేరే మనిషి ముందు ఒక రాత్రి అతిథిగా ఉండాలని. అతిథికి ఏం కావాలో అతిథిగా ఉంటేనే కదా తెలిసేది. "ఈ రోజు నువ్వు ఏ పనీ ముట్టుకోకూడదు. అదొక్కటే పరీక్ష" అని సారు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. పని చేయకుండా ఉండడం కూడా ఒక పరీక్షేనా అనుకున్నాను.

పరీక్షే. మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని నాకు టీ తెచ్చి పెడుతుంటే కాళ్ళూ చేతులూ ఆగలేదు. మూడుసార్లు లేచి పళ్ళెం అందుకోబోయాను. మేడమ్ మూడుసార్లూ నా భుజం నొక్కి, సైట్లో పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీలో, "ఆజ్ మెహమాన్. బైఠో" అంది. ఈ రోజు అతిథివి, కూర్చో అని. చెప్పుల విషయంలో నాకు ఢోకా లేదు, గడప బయట చెప్పులు విడవడం మనకు కొత్త కాదు కదా. వాళ్ళిచ్చిన నూలు అంగీ దగ్గర మాత్రం తడబడ్డాను. కుడి అంచు పైకి వచ్చేలా చుట్టుకున్నానట. మేడమ్ పరుగున వచ్చి విప్పి, ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టింది. అలా కుడి అంచు పైకి శవానికి కడతారని సారు వివరించాడు. వీసా పోకముందే ప్రాణం పోయినట్టు అయింది, కానీ ఎంత సరదాగా ఉందో చెప్పలేను. పుట్టిన తర్వాత నన్ను కూర్చోబెట్టి ఇంతమంది నడుం వంచింది అదే మొదటిసారి. (ఇంతమంది అంటే ఇద్దరే. నాకు ఊరేగింపులా అనిపించింది.)

తర్వాత స్నానం. ఎండిన ఖర్జూరం మట్టలతో కాచిన నీళ్ళు తొట్టి నిండా పొగలు కక్కుతున్నాయి. తొట్టి బయట పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, అప్పుడే తొట్టిలో దిగాలని మేడమ్ చేతులతో చూపించి వెళ్ళింది. చెప్పినట్టే చేశాను. గొంతుదాకా వేడినీళ్ళు. మా ఊళ్ళో అరబిందె నీళ్ళతో తల రుద్దుకున్న దాన్ని. కిటికీలోంచి తోట, తోట అవతల ఎర్రబడుతున్న కొండ. నా వేళ్ళు ముడతలు పడేదాకా అందులోనే ఉన్నాను. పైకి వచ్చి చూస్తే నీళ్ళ మీద నా వెంట్రుక ఒకటి తేలుతోంది. తర్వాత స్నానం చేయాల్సింది సారు, ఆ తర్వాత మేడమ్. నేను మునిగిన నీళ్ళు వయసులో పెద్దవాళ్ళకు వదిలిపెట్టి పోతానా? చూసేవాళ్ళు నన్ను కన్నవాళ్ళను అనరూ? తొట్టి అడుగున చెక్క బిరడా ఉంది. ఓడ వడ్రంగులు బిగించింది, ఊరికే వస్తుందా, రాయితో కొట్టి కొట్టి ఊడదీశాను. నీళ్ళన్నీ గలగలా కాలువలోంచి ఖర్జూరం చెట్లకు పోయాయి. పీచు పెట్టి తొట్టిని తళతళలాడేలా తోమి, గర్వంగా బయటికి వచ్చాను. గుమ్మం దగ్గర సారు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్ళాడు. పొడి తువ్వాలుతోనే బయటికి వచ్చాడు.

అప్పుడు తెలిసింది. అందరూ బయటే కడుక్కుని దిగుతారు కాబట్టి ఇల్లంతటికీ ఆ ఒక్క తొట్టి నీళ్ళేనట, మొదటి వంతు అతిథిదట. డాబా మీద ట్యాంకు అడుగంటింది. నీళ్ళ ట్యాంకర్ మళ్ళీ శనివారమే. రేపు శుక్రవారం జపాను నుంచి కంపెనీ పెద్దాయన దిగుతున్నాడు, ఈ స్నానం కోసమే మస్కట్‌లో హోటల్ వద్దన్నాడట. మేడమ్ నా సంచి వైపు ఒకసారి చూసింది. అది చాలు నాకు. ఆ అంగీతోనే, చెప్పులు చేత పట్టుకుని, తోట అవతల లేబర్ క్యాంపుకు పరుగెత్తాను. ట్యాంకర్ డ్రైవర్ తెలుగువాడని టీ తాగేటప్పుడు సారు అన్నాడు. నిజామాబాదు మనిషి. గుమ్మంలో స్టవ్వు పెట్టుకుని కోడికూర వండుతున్నాడు.

నన్ను ఎగాదిగా చూసి, "ఏ దేశమే చెల్లె నీది? బట్ట జపాన్ది, మాట కడపది" అన్నాడు.

"నగుబాటు చేయొద్దన్నా. ట్యాంకరు నీళ్ళు కావాల. లేకుంటే నా వీసా పోతాది."

"ఫిల్లింగ్ పాయింట్ శనివారం దాక బంద్. నా బండ్ల ఉన్నయి గని, అవి సిమెంటు తడిపే నీళ్ళు. మీ పెద్దసారు అండ్ల కూసుంటే తెల్లారేసరికి గట్టివడుతడు."

జరిగిందంతా చెప్పాను. "నేను మునిగిన నీళ్ళల్లో పెద్దోళ్ళు యెట్ల మునుగుతారన్నా?"

రూమ్‌లో ఉన్న నలుగురూ బయటికి వచ్చి వింటున్నారు. "నిజమే గదనే. మేమైనా గదే జేస్తుంటిమి" అన్నాడు డ్రైవర్ అన్న. అందరూ తలలూపారు. నేను చేసింది న్యాయమేనని తీర్పు వచ్చేసరికి కూర మాడింది. "తెల్లారినంక ఫలజ్ కెళ్ళి మోద్దాం తీయ్. డబ్బాలున్నయి" అన్నాడు, మాడిన గిన్నె వైపు చూడకుండా. ఫలజ్ అంటే కొండ నుంచి ఊళ్ళోకి తవ్విన రాతికాలువ. ఊరంతటికీ తాగునీరు, స్నానం, పంట అన్నీ దాని మీదే.

శుక్రవారం పొద్దున ఊరి పెద్దను అడిగి, పగిలిన బిరడా బదులు గుడ్డలు కుక్కి, కాలువ నుంచి తొట్టిదాకా నూనె డబ్బాలు చేతులు మారుతూ మోశాం. నేను కాలువలో కాలు జారి ఒక చెప్పు నీటిపాలు చేసుకున్నాను. తొట్టి సగం నిండేసరికి కారు ఆగింది. పెద్దాయన అనుకున్న వేళకంటే ముందే వచ్చేశాడు. బక్కగా, తెల్లటి కనుబొమ్మలతో ఉన్నాడు. డబ్బాల వరుసను చూసి, సారును ఏదో అడిగాడు. సారు నడుం వంచి వంచి జవాబు చెప్పాడు. పెద్దాయన నీళ్ళు వచ్చే దారి పట్టుకుని నడిచి పోయాడు. తిరిగి రాలేదు. కాసేపటికి డ్రైవర్ అన్న వెతకడానికి వెళ్ళి నవ్వాపుకోలేక వచ్చాడు. "మీ పెద్దసారు గాడ మొగోళ్ళ స్నానాలకాడ ఒమానీ ముసలోళ్ళ నడుమ మెడ దాక మునిగిండు. ఖర్జూరాలు తినుకుంట ముచ్చట పెడుతున్నరు. ఒకల భాష ఒకలకు రాదు."

పెద్దాయన మధ్యాహ్నానికి ఎర్రటి మొహంతో వచ్చి రెండు గిన్నెల అన్నం తిన్నాడు. మేం మోసిన నీళ్ళలో సాయంత్రం సారు, మేడమ్ స్నానం చేశారు. ఆ తర్వాత మేడమ్ నన్ను పిలిచింది. నేను సంచి పట్టుకునే వెళ్ళాను. "మెహమాన్ ఫెయిల్" అంది కచ్చితంగా. నేను తల వంచుకున్నాను. "నెక్స్ట్ థర్స్‌డే ఫిర్ మెహమాన్. బీచ్ మే కామ్ కరో." వచ్చే గురువారం మళ్ళీ అతిథిగా పరీక్ష, ఈ మధ్యలో పని చేస్తూ ఉండు అని. అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆ గురువారమూ ఫెయిలయ్యాను, గిన్నెలు కడిగేశాను. మూడోసారి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుని పాసయ్యాను. ఆ ఇంట్లో 1994 దాకా ఉన్నాను. ఇప్పుడు కడపలో, నా ఇంట్లో ఎవరైనా కాఫీ తెచ్చిపెడితే కదలకుండా కూర్చుంటాను. ఎంతో పొగరని అనుకుంటారు. జపాను అంగీలో, చెప్పులు చేత పట్టుకుని తోటలోంచి పరుగెడుతున్న ఆ పిల్లను వాళ్ళు చూడలేదు. నేను అప్పుడప్పుడు చూస్తాను, నవ్వుకుంటాను.

మొత్తం మీద పోయినవి: తొట్టెడు వేడినీళ్ళు. ఖర్జూరం మట్టలు రెండు మోపులు. తొట్టి బిరడా ఒకటి, పగిలింది. డ్రైవర్ అన్న కోడికూర. నా కుడికాలి చెప్పు. ఎడమది నేనే పారేశాను.