ఊఁ కొట్టకుండా కథ వినడం

2023 మార్చి. షికాగో శివార్లలోని ఒక ఆసుపత్రిలో నేను ఎంఆర్ఐ టెక్నాలజిస్టుని. అప్పటికి పద్నాలుగేళ్ల సర్వీసు. స్కాన్ నడుస్తుండగా ఎవరైనా కదిలితే నాకు చిర్రెత్తుకొస్తుంది, పేషంటైనా సరే, ప్రొఫెసరైనా సరే.

ఆ రోజు షామ్‌బర్గ్ నుంచి సుశీల గారు వచ్చారు. రిటైరైన కెమిస్టు. మెదడులో ఎడమవైపు కణితి, విన్న మాటను అర్థం చేసుకునే చోటుకి ఆనుకుని ఉంది. తీసేటప్పుడు ఆ చోటు దెబ్బతింటే ఎదుటివాళ్ల మాట చెవిన పడుతుంది గానీ బోధపడదు. అందుకే సర్జన్ ముందుగా ఫంక్షనల్ ఎంఆర్ఐ అడిగాడు. మెదడులో పనిచేస్తున్న చోటుకి రక్తం ఎక్కువగా వెళుతుంది, ఆ తేడాని మిషన్ పట్టేస్తుంది. పుర్రె తెరవకుండా, మనిషి ఆలోచిస్తుండగానే మెదడు పనిని చూడటం! ఇన్నేళ్లయినా నాకు ఒళ్లు పులకరిస్తూనే ఉంటుంది.

"ఇంగ్లీష్ పోతే పోనియ్ బిడ్డా. మా సార్‌తోని మాట్లాడేది తెలుగే. అదొక్కటి జాగ్రత్త" అన్నారావిడ, వాళ్లాయన వైపు చూపిస్తూ.

కథ వినిపిస్తూ స్కాన్ తీయడమే ఈ టెస్ట్; ఇంగ్లీష్ కథ ఉంది గానీ తెలుగుది మా దగ్గర లేదు. నేను మొదటిసారి డ్రైవింగ్ టెస్ట్‌లో ట్రాష్ క్యాన్‌ని గుద్ది ఫెయిలైన కథని నా గొంతుతోనే రికార్డ్ చేశాను. ఇంగ్లీష్ కథకి ఆవిడ తల ఇసుమంతైనా కదల్లేదు. తెలుగు కథ మొదలైందో లేదో, తల కదలికను చూపే గీత స్క్రీన్ మీద ఎగిరెగిరి పడింది. రెండు మిల్లీమీటర్లు కదిలినా బొమ్మ పాడవుతుంది. కదలొద్దని మైకులో చెప్పాను. మళ్లీ అదే తంతు. నాకు కోపం నషాళానికంటింది.

"కంగారు పడుతున్నట్టుంది. ఇంగ్లీష్ కథకి వచ్చిన మెదడు మ్యాప్‌తో సరిపెడదాం" అన్నాడు మా సైంటిస్ట్ మార్క్.

గీతని మళ్లీ చూశాను. నేను వాక్యం ముగించిన ప్రతిచోటా ఒక ఎగురు. కంగారుకి ఇంత క్రమశిక్షణ ఉండదే! బయట కూర్చున్న వాళ్లాయన రాఘవరావు గారిని అడిగాను.

"ఊఁ కొట్టుకుంట తల ఊపుతుంటది అమ్మా. తెలుగుల కథ చెప్తుంటే ఊఁ కొట్టకుండ ఎట్లుంటది? చెప్పేటోళ్లకి మర్యాద గాదు గదా!"

ఇన్నేళ్లుగా మెదళ్లు చూస్తున్న నాకు ఆ మాత్రం తట్టలేదు. వద్దంటే ఆవిడ ధ్యాసంతా ఊఁ ఆపుకోవడం మీదే ఉంటుంది. అందుకని రాఘవరావు గారిని పక్కన కూర్చోబెట్టుకుని కథ మళ్లీ రికార్డ్ చేశాను. నా ప్రతి వాక్యానికీ ఆయన ఊఁ.

"మీ వంతు ఊఁ సార్ కొట్టేశారు. మీరు హాయిగా వినండి" అన్నాను ఆవిడతో.

గీత చదునైపోయింది. ఫలితం చూస్తే, ఇంగ్లీష్ మ్యాప్‌లో ఏమీ లేని చోట, కణితి వెనక అంచున, తెలుగు వెలుగుతోంది! మార్క్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేనైతే గంతేశాను. సర్జన్ కత్తి వెళ్లే దారి మార్చుకున్నాడు.

ఆపరేషనైన నాలుగో రోజు లంచ్ బ్రేక్‌లో వార్డుకి వెళ్లాను. తలకి కట్టుతో సుశీల గారు నన్ను గుర్తుపట్టారు. మాట కాస్త నెమ్మదించింది, అంతే.

"ట్రాష్ క్యాన్‌ని గుద్దినవ్, ఆడికే ఆపేసినవ్. తర్వాత పాసైనవా లేదా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తల కదిలిందని చెప్పేది మిషన్, ఎందుకు కదిలిందో చెప్పాల్సింది మనుషులే. అప్పటినుంచి కోప్పడే ముందు ఆ ఎందుకో అడుగుతున్నాను.

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. "రెండోసారీ ఫెయిలే అండీ..."

"ఊఁ" అన్నారావిడ, తల ఊపుతూ.